జంట కుదిరింది

శుక్రవారం వస్తే మా ఇంట్లో ముగ్గురికి మూడు పనులు. మా ఆవిడకి పూజ. మా అమ్మాయికి తలంటు. మా మనవడికి నాన్న.

మా అల్లుడు కువైట్‌లో వుంటాడు. అక్కడ సెలవు శుక్రవారం. మనకి రాత్రి ఎనిమిదయితే వాళ్ళకి సాయంత్రం అయిదున్నర. ఆ వేళకి మా అమ్మాయి ఫోను మోగుతుంది. మా కోనసీమలో ఇదేం విడ్డూరం కాదు లెండి. ఏ వీధికి వెళ్ళినా అటు వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూసే ఇల్లు ఒకటయినా కనిపిస్తుంది.

ఫోనులో మనిషి కనిపిస్తాడు, మాట వినిపిస్తుంది. ఇంక కావలసిందేముంది అంటారా? మా వాడి సంభాషణ ఒకసారి ఆలకించండి.

"ఏరా, తిన్నావా?"

"ఆఁ."

"బడికి వెళ్తున్నావా?"

"ఆఁ."

"అమ్మని విసిగించటం లేదు కదా?"

"ఊఁహూఁ."

"ఇంకేమిటి కబుర్లు?"

"ఏం లేవు."

అంతే. తరువాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూచుంటారు. పదేళ్ళ కుర్రాడు బళ్ళో ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబడ్డట్టు నిలబడతాడు. అవతల ఆయన గదిలో ఫాను తిరుగుతున్న చప్పుడు మాకు ఇక్కడికి వినిపిస్తుంది. ఆఖరికి "అమ్మకివ్వరా" అంటాడాయన. వీడు బతికానురా భగవంతుడా అన్నట్టు ఫోను తల్లి చేతిలో పడేసి పారిపోతాడు. అలాగని తండ్రిమీద ప్రేమ లేదా అంటే, శుక్రవారం ఇంకా ఎన్నాళ్ళుందని మంగళవారం నుంచీ వేళ్ళు లెక్కపెట్టేదీ వీడే!

నాకిందులో ఆశ్చర్యం కలగలేదు. మగపిల్లలు తండ్రులతో ఎదురెదురుగా కూచుని మాట్లాడరండీ. నేనూ మా నాన్నగారితో మాట్లాడి ఎరుగను. కాలవగట్టున గేలం వేసుకుని కూచున్నప్పుడు, దొడ్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నప్పుడు, ఇద్దరి చేతులూ పనిలో వుండి ఇద్దరి చూపూ మరోచోట వున్నప్పుడు మాత్రం మాటలు వాటంతటవే వచ్చేవి. లెక్కల్లో తప్పానన్న సంగతి నేను మా నాన్నగారికి చెప్పింది కొబ్బరికాయ ఒలుస్తూనే.

మా అల్లుడికీ కొడుక్కీ అటువంటి కొబ్బరికాయ ఒకటి వుండేది. అది టీవీకి తగిలించే ఆటపెట్టె. ప్లేస్టేషన్ ఫోర్ అంటారు. సాయంత్రం ఆయన పనినుంచి రాగానే ఇద్దరూ చాపమీద కూలబడి, చెరో కంట్రోలరూ పట్టుకుని కార్ల పందెం వేసుకునేవారు. కంట్రోలరంటే తెలియనివారికి చెబుతాను. రెండు కొమ్ములూ, రెండు పుల్లలూ, వొంటినిండా బొత్తాలూ వుండి అరచేతుల్లో ఇమిడే వస్తువు. మా ఆవిడ దాన్ని పీత అంటుంది. చూస్తే మీరూ అలాగే అంటారు.

2024లో కువైట్ ప్రయాణం ఖాయమయేసరికి ఖర్చులు ముంచుకొచ్చాయి. అమ్మినవాటిలో ఆటపెట్టె కూడా వుంది. కొనుక్కున్నవాడు ఒక పీత చాలన్నాడట. రెండోది మా మనవడు పాత చేతిరుమాల్లో చుట్టి తన బట్టల అరలో దాచుకున్నాడు. పెట్టె లేని పీత ఎందుకురా అని ఎవరూ అడగలేదు.

మొన్న వేసవిలో అల్లుడికి ఒక ఆలోచన వచ్చింది. అక్కడ ఆయనకొక ట్యాబ్ వుంది. ఇక్కడ మా అమ్మాయికీ వుంది. ఒకే కార్ల ఆట రెంటిలోనూ వేసుకుంటే, నెట్ మీద ఇక్కణ్ణించి వీడూ అక్కణ్ణించి ఆయనా పందెం వేసుకోవచ్చు కదా! పక్కన ఫోను పెట్టుకుంటే మాటలూ సాగుతాయి.

ఆలోచన బంగారంలాంటిదే. చిక్కల్లా అద్దంతో వచ్చింది. ట్యాబ్ మీద అంతా అద్దమే కదండీ. బొత్తాం వున్నచోట బొత్తాం బొమ్మ వుంటుంది. వేలికి ఎత్తూ తెలియదు, పల్లమూ తెలియదు. మలుపు తిప్పాలంటే వేలు ఎక్కడుందో కిందికి చూసుకోవాలి. చూసేసరికి కారు గోడకి! పైగా వీడి బొటనవేళ్ళే రోడ్డు సగం కప్పేస్తాయి. అవతల తండ్రి అక్కడ పీత కొనుక్కుని దర్జాగా నడుపుతున్నాడు. మూడు శుక్రవారాలు వరసగా వోడిపోయి, నాలుగో శుక్రవారం మావాడు తలనొప్పి అని ముసుగుతన్ని పడుకున్నాడు. అవతల ఆయన "నిద్రపోయాడా? పోనీలెండి మావయ్యగారూ, లేపకండి" అన్నాడు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్న రుమాలు విప్పి పీతని నా ముందు పెట్టాడు మనవడు. "తాతయ్యా, ఇది ట్యాబ్‌కి పనిచేస్తుందా?"

మధ్య బొత్తాం నొక్కాను. వెలగలేదు. సంవత్సరం పైగా అరలో పడుకున్నదానికి తిండెక్కడిది? ఛార్జింగ్ తీగ వెతికి తగిలిస్తే నారింజరంగు దీపం నిదానంగా ఊపిరి తీసుకున్నట్టు వెలిగి ఆరసాగింది. గంటన్నర ఆగి మళ్ళీ నొక్కాను. ఈసారి తెల్లదీపం మిణుకు మిణుకుమంది. మా ఇద్దరి మొహాలూ వెలిగాయి. కాసేపు మినుకుమని ఆరిపోయింది. పదిసార్లు నొక్కాం. పదిసార్లూ అదే వరస.

బజార్లో సెల్‌ఫోన్ల కొట్టుకి తీసుకెళ్ళాం. కొట్టతను అటూ ఇటూ తిప్పి, "ఆయ్, ఇది ఆ పెట్టెకి తప్ప పన్జెయ్యదండి. కొత్తది తీసుకోండి, అయిదు వేలవుద్ది" అన్నాడు. అయిదు వేలు అనగానే మనవడు నా చొక్కా పట్టుకుని లాగాడు. "వద్దులే తాతయ్యా, పోదాం" అన్నాడు. పదేళ్ళవాడికి డబ్బు సంగతి అంత త్వరగా అర్థం కాకుండా వుంటే బాగుండునని నాకనిపించింది.

పుణ్యం మా ఎదురింటి అమ్మాయిది. కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకి వచ్చింది. పీతని చేతిలోకి తీసుకుని నవ్వింది. "దీనికేం జబ్బు లేదు తాతగారూ. ఇది పాత పెట్టెని పిలుస్తోంది, అంతే. అది పలకటం లేదు కనక నోరు మూసుకుంటోంది."

నేను మనవడి వైపు చూశాను. వాడు పీత వైపు చూస్తున్నాడు.

ఆ అమ్మాయి చెప్పిందీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు మనవి చేస్తాను. ఇటువంటి తీగలేని వస్తువులు మాట్లాడుకునే భాష పేరు బ్లూటూత్. నీలిపన్ను అనే బిరుదున్న హరాల్డ్ అనే రాజు వెయ్యేళ్ళ కిందట డెన్మార్క్ నీ నార్వే నీ ఒకటి చేశాడట. విడివిడిగా వుండే యంత్రాలని కలిపే పద్ధతి కదా అని 1997లో జిమ్ కార్డాక్ అనే ఇంజనీరు ఆ రాజు పేరు సూచించాడు. తాత్కాలికంగా పెట్టిన పేరు కాస్తా శాశ్వతంగా నిలిచిపోయింది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కంపెనీలు ఒక సంఘంగా ఏర్పడి దాన్ని పైకి తెచ్చాయి. ఫోనుమీద కనిపించే ఆ నీలం గుర్తు, పాతకాలపు రూనిక్ లిపిలో ఆ రాజుగారి పేరూ బిరుదుల మొదటి అక్షరాలు రెండూ అతికించిందే.

సెకనుకి 240 కోట్ల పైచిలుకు సార్లు వూగే రేడియో అలలమీద ఈ మాటలు సాగుతాయి. అదే వీధిలో వైఫై వుంది, మైక్రోవేవ్ పొయ్యి వుంది. అంతా సంతరద్దీ. అందుకని ఇవి ఒకచోట నిలబడి మాట్లాడవు. 79 సందులు పెట్టుకుని, సెకనుకి 1600 సార్లు ఒక సందులోంచి మరో సందులోకి గెంతుతూ మాట్లాడతాయి. ఎప్పుడు ఎందులోకి గెంతాలో ఆ రెంటికీ తెలుసు. ఇలా గెంతటమనే ఆలోచన మీద 1942లో అమెరికాలో పేటెంటు తీసుకున్నవారిలో ఒకరు ఎవరో తెలుసా? హాలీవుడ్ తార హెడీ లమార్! జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడితో కలిసి, శత్రువులు అడ్డుకోలేకుండా టార్పిడోని నడిపే మార్గం ఆలోచించింది. పియానోకి 88 మెట్లు వున్నట్టే వాళ్ళూ 88 సందులు పెట్టారు. మన పీత నేరుగా అందులోంచి పుట్టింది కాదుగాని, ఆలోచన ఆ కుటుంబానిదే.

ఇంక జంట సంగతి. రెండు వస్తువులు మొదటిసారి కలిసినప్పుడు ఒక రహస్యపు తాళంచెవి పుట్టించుకుంటాయి. దాన్ని రెండూ తమ తమ కడుపులో దాచుకుంటాయి. ఆ తరువాత ఎప్పుడు కలిసినా "నీ దగ్గర చెవి వుందా?" "వుంది" అనుకుని తలుపు తీసుకుంటాయి. మా పీత ఏకపత్నీవ్రతం కలది. ఆఖరున ఎవరితో జత కుదిరిందో వాళ్ళనే గుర్తుపెట్టుకుంటుంది. మధ్య బొత్తాం ఒక్కటే నొక్కితే ఆ పాత జతనే పిలుస్తుంది. కొత్త సంబంధానికి ఒప్పించాలంటే వేరే నొక్కు నొక్కాలి.

ఆ నొక్కు ఇది. పీత ఆరి వుండాలి. ఎడమవైపు పైన 'షేర్' అని రాసిన చిన్న బొత్తాన్నీ, మధ్య బొత్తాన్నీ రెండూ ఒక్కసారి నొక్కి పట్టుకోవాలి. తొందరపడి వదలగూడదు. కొన్ని సెకన్లకి తెల్లదీపం రెండు రెండుసార్లు చొప్పున గబగబా మెరుస్తుంది. మొదటి మిణుకు నిదానం, ఈ మిణుకు హడావుడి. హడావుడిగా మెరిస్తే పీత పెళ్ళిచూపులకి సిద్ధంగా వుందన్నమాట. అదే సమయంలో ట్యాబ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి, బ్లూటూత్ తెరిచి, కొత్త పరికరం కోసం వెతకమనాలి. ఒకవైపు సిద్ధమైతే చాలదు. ఇద్దరూ ఒకే ముహూర్తానికి పీటలమీద వుండాలి.

మొదటి ముహూర్తం చెడగొట్టినవాణ్ణి నేనే. జాబితాలో నాలుగైదు పేర్లు వచ్చాయి. ఆత్రం కొద్దీ పై పేరు నొక్కాను. అది పక్కింటివారి పాటల డబ్బా! వాళ్ళు భక్తిగీతాలు వింటున్నారు. పాట ఆగలేదు గాని, "ఎవరండీ మా స్పీకరుతో?" అన్న కేక గోడమీదనుంచి వచ్చింది. ఈలోగా పీత విసిగి ఆరిపోయింది.

రెండోసారి మనవడు నా చెయ్యి పక్కకి తోసి తనే చూశాడు. 'వైర్‌లెస్ కంట్రోలర్' అన్న పేరు వచ్చింది. నొక్కాడు. తిరిగింది, తిరిగింది, కుదరలేదంది. అప్పుడు ఎదురింటి అమ్మాయి మరో కిటుకు చెప్పింది. పీత వీపున, ఎడమ కొమ్ముకి కాదు, కుడి పక్క 'ఎల్ టూ' కి—

ఆగండి, ఇక్కడ తప్పు రాస్తే మీ పీతలన్నీ నన్ను తిడతాయి. పీతని బోర్లా తిప్పితే వీపున, 'ఎల్ టూ' అనే బొత్తానికి దగ్గరలో సూదిబెజ్జమంత రంధ్రం వుంటుంది. మా ఆవిడ చీరకున్న పిన్నీసు ఇచ్చింది. పీతని ఆర్పి, ఆ రంధ్రంలో పిన్నీసు మొన పెట్టి కొద్ది సెకన్లు నొక్కి పట్టుకుంటే, లోపలి పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. ట్యాబ్ వైపు కూడా సగం కుదిరి చెడిన పేరు జాబితాలో మిగిలిపోతే, దాన్నీ 'మరిచిపో' అని తీసేయాలి. ఒకరు మరిచిపోయి మరొకరు గుర్తుపెట్టుకుంటే తాళం ఒకచోట, చెవి ఒకచోట అవుతుంది. ఈ సంగతి వస్తువులకే కాదు, మనుషులకీ వర్తిస్తుంది గాని, అది మరో వారం రాసుకోవలసిన కథ.

పిన్నీసు నొక్కబోయేముందు మనవడు అడిగాడు. "పాతవన్నీ పోతాయా? నాన్నతో ఆడినవి?"

"అవి దీంట్లో లేవురా. ఇందులో వున్నది తాళంచెవి ఒక్కటే" అన్నది ఎదురింటి అమ్మాయి.

వాడు కాసేపు ఆలోచించి, తనే నొక్కాడు.

మూడోసారి దీపం హడావుడిగా మెరిసి, మెరిసి, నిలకడగా వెలిగింది. ట్యాబ్ మీద పుల్ల తిప్పితే గుర్తు కదిలింది. మా ఆవిడ వంటింట్లోంచి "కుదిరిందా?" అంది, సంబంధం సంగతి అడిగినట్టే.

ఇంట్లో పీతలున్నవారికి మరి నాలుగు మాటలు. ఎక్స్‌బాక్స్ వారి పీతకయితే ఇలా రెండు బొత్తాలు అక్కర్లేదు. పైఅంచున జత కలిపే బొత్తాం ఒకటి వుంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే మధ్య దీపం గబగబా మెరుస్తుంది. అయితే 2016కి ముందు వచ్చిన వాటిలో బ్లూటూత్ లేదు. కొనేముందు చూసుకోండి. ఐప్యాడ్ వున్నవారికి 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచీ ఈ రెండు రకాల పీతలూ పనిచేస్తాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే 10, అంతకు పైది వుంటే మా రకం పీతతో చిక్కు వుండదు. పాతవాటిలో జత కుదిరినా ఒక బొత్తాం నొక్కితే మరో బొత్తాం పని జరుగుతుంది. అన్ని ఆటలూ పీత మాట వినవు. వేలితో తప్ప ఆడనివ్వని ఆటలు చాలా వున్నాయి. జత కుదిరినా ఆట కదలకపోతే పీతని తిట్టకండి, ఆట సెట్టింగ్స్‌లో చూడండి. ఛార్జింగ్ సగం లేకుండా మొదలుపెట్టకండి. ఇంకొకటి: ఇదే పీతని రేపు మరొకరి ఇంట్లో పెట్టెకి జత చేస్తే మీ ట్యాబ్‌ని మరిచిపోతుంది. మళ్ళీ పీటలమీద కూచోబెట్టాలి.

ఆ శుక్రవారం ఎనిమిదింటికి మనవడు వసారాలో చాప పరిచాడు. ట్యాబ్‌ని గోడకి ఆనించాడు. పక్కన ఫోను పెట్టాడు. అందులో తండ్రి మొహం కూడా సరిగ్గా కనిపించటంలేదు, సగం చెవీ ఒక భుజమూ మాత్రం కనిపిస్తున్నాయి. ఎవరూ సర్దుకోలేదు.

"ఏరా, పీత దొరికిందిటగా!"

"దొరికింది. చూస్కో నాన్నా ఇవాళ!"

పందెం మొదలయింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను. ముందు అంతా కేకలే. ఎడమ, ఎడమ! ఒరే మోసం! రెండో పందెంలో కేకలు తగ్గాయి. మూడో పందెంలో, కారు ఏదో వంతెనమీద వెళ్తూండగా, మావాడు తెరమీదనుంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నాన్నా, మొన్న లెక్కల్లో పన్నెండు వచ్చినయ్."

"పాతికకా?"

"యాభైకి."

"ఊఁ. ముందు మలుపు చూసుకో. ఏ లెక్కలు రాలేదు?"

"భిన్నాలు."

"నాకూ వచ్చేవి కావు. వచ్చే శుక్రవారం చూద్దాంలే."

ఈ పన్నెండు సంగతి వాళ్ళమ్మకీ తెలియదు, నాకూ తెలియదు. పేపరు కొంచెం పైకెత్తుకున్నాను. మరి కాసేపటికి అవతలనుంచి మాట వచ్చింది, అంత మామూలుగానూ.

"కాస్త మెల్లగా పోనీరా. కుడిచెయ్యి నొప్పిగా వుంది."

"ఏమయింది?"

"పనిలో ఇనపకమ్మీ జారి పడింది. మూడు కుట్లు పడ్డాయి. ఏం లేదు, తగ్గిపోయింది."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. మా అమ్మాయి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫోను అందుకుంది. పదిరోజులుగా ఆయన రోజూ "బాగున్నాను" అనే చెబుతున్నాడట. ఏదీ చూపించండి అంది. చూపించాడు. ఆ రాత్రి పందెం పూర్తికాలేదు. మా అమ్మాయి కోప్పడింది, ఏడ్చింది, మందులు సరిగా వేసుకుంటున్నారా అని అడిగింది. ఆయన అన్నిటికీ "ఆఁ", "ఆఁ" అన్నాడు, అచ్చం కొడుకులాగే.

తరువాతి శుక్రవారం ముందుగా భిన్నాలు చూశారు. ఆ తరువాత చాప వేశారు. ఆయన చెయ్యి ఇంకా పూర్తిగా వాడలేకపోతున్నాడని వినేవారికి తెలుస్తూనే వుంది. మావాడు చాలా ముందున్నాడు. గెలుపుగీత కనిపిస్తోంది. అప్పుడు వాడి వేలు బ్రేకు మీదకి వెళ్ళటం నేను పేపరు పక్కనుంచి చూశాను. తండ్రి కారు పక్కనుంచి దూసుకుపోయింది.

"గెలిచానురోయ్!" అని కువైట్ నుంచి కేక.

"అబ్బ, కొంచెంలో పోయింది నాన్నా" అన్నాడు మావాడు. నా వైపు తిరిగి, చెప్పొద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు.

నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి.